ఫోన్ బుక్కులో రెండు పేర్లు

డాలస్ పక్కన మా కాపెల్‌లో ఇప్పుడు పొద్దున్నే పార్కుకి వాకింగ్‌కి వెళ్తే ఇంగ్లీషు తక్కువగా వినపడుతుంది. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన పెద్దవాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని గుంపులుగా తిరుగుతుంటారు. మొన్న అలాంటి పెద్దాయన ఒకరు నా పక్కన చేరి, చలి గురించి రెండు ముక్కలు మాట్లాడి, "తమరి ఇంటిపేరు?" అన్నారు. చెప్పాను. "ఏ ఊరు?" అదీ చెప్పాను. "ఆ ఊళ్ళో ఏ వైపు?" అదీ దాచలేదు. నన్ను ఏ అరలో పెట్టాలో తెలిసిపోయిన తృప్తి ఆయన మొహంలో కనపడింది. ఇక నాతో మాట్లాడవలసింది ఏమీ మిగల్లేదేమో, నడక వేగం పెంచి ముందుకెళ్ళిపోయారు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే మనసు చివుక్కుమంది. ఎందుకంటే మేం నడుస్తున్న చోటికి రెండు వీధుల అవతలే ఒక పాత చెక్క ఇల్లు ఉండేది. నలభై ఐదేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. నా ఇంటిపేరు అడిగి, దానికి అర్థం ఏమిటని తప్ప ఇంకేమీ అడగని మనిషి ఒక్కడే తగిలాడు. ఆయన ఆ ఇంట్లో ఉండేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఇంటిపేరు అంత అరుదైనది. స్పానిష్ పేరే, కానీ స్పానిష్ మాట్లాడేవాళ్ళు కూడా రెండోసారి అడిగి చెప్పించుకునేవాళ్ళు. ఆయనకి కావలసిందీ అదే. రెండోసారి చెప్పేముందు టోపీ తీసి, గుండెకి ఆనించుకుని, ఒక్కో అక్షరానికీ వేలితో బల్ల మీద కొడుతూ చెప్పేవాడు. జాతీయ గీతానికి కూడా ఆయన అంత శ్రద్ధగా నిలబడగా నేను చూడలేదు.

డెబ్బై తొమ్మిదిలో నేను రోడ్లు, మురుగు కాలవలు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆయన అక్కడ బ్లూప్రింట్లు తీసే గదిలో పనిచేసేవాడు. ఆ మెషీన్‌కి అమ్మోనియా వాడేవాళ్ళు. గదిలోకి అడుగుపెడితే కళ్ళు మండిపోయేవి. యాభై దాటిన ఒంటరి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మొదటిరోజు నా డ్రాయింగ్ మీద నా సంతకం చూసి, "ఇంజినీరూ, ఈ పేరుకి అర్థం ఏమిటి?" అన్నాడు.

"అది మా ఇంటిపేరు. అంటే మా ఇంటికి ఉన్న పేరు" అని తోచినట్టు చెప్పాను.

ఆయన మెషీన్ ఆపేశాడు. "ఇల్లా? మీకూ పేరు ఇంటి నుంచే వచ్చిందా? మాకూ అంతే!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. ఆరోజు నేను అడిగిన ప్రింట్లు సాయంత్రం దాకా రాలేదు. బదులుగా స్పెయిన్‌కి ఉత్తరాన కొండల్లో, వాగు ఒడ్డున, రాళ్ళతో కట్టిన ఒక ఇంటి కథ విన్నాను. ఆయన లెక్క ప్రకారం వెయ్యేళ్ళ కిందట ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే ఆ పేరు. ప్రపంచంలో ఆ పేరు ఎక్కడ ఉన్నా ఆ గడప దాటి వచ్చినదే.

ఆ కథ ఏటా కాస్త మారేది. ఒక ఏడు ఆ వాగు నది అయింది. ఇంకో ఏడు ఆ ఇంటికి బురుజు లేచింది. రాతి ఇల్లు, ఒకే గడప మాత్రం మారలేదు. ఒకసారి ఎవరో ప్రొఫెసర్‌కి ఉత్తరం రాస్తే, ఈ పేరు ఎక్కడ పుట్టిందో, దీని అర్థమేమిటో తేల్చడం సాధ్యం కాదని జవాబొచ్చింది. నేనైతే చిన్నబుచ్చుకునేవాణ్ణి. ఆయన ఆ ఉత్తరం ఆఫీసంతా చూపించాడు. "ప్రొఫెసర్లకి కూడా అందనంత పాతదన్నమాట" అన్నాడు.

ఆ రోజుల్లో పోస్టులో వంశచిహ్నాలు అమ్మే కంపెనీలు ఉండేవి. మన పేరు రాసి పంపితే చాలు, చెక్క డాలు మీద రంగులద్ది, మన తాతముత్తాతలంతా యుద్ధవీరులని తేల్చి పంపేవాళ్ళు. ఆయనకీ ఒకటి వచ్చింది, నిలబడి గర్జిస్తున్న సింహంతో. వారం రోజులు గోడకి తగిలించి అటూ ఇటూ తిరిగి చూశాడు. తర్వాత నన్ను పిలిచి, "మా తాత మేకలు కాసేవాడు. వాళ్ళ నాన్నా మేకలే కాసేవాడు. సింహాన్ని ఇంట్లోకి ఎవడు రానిస్తాడు?" అన్నాడు. సింహం మీద మేక బొమ్మ అతికించాడు. మేక కూడా గర్జిస్తున్నట్టే ఉండేది, కింద ఉన్న సింహం కాళ్ళు అలాగే మిగిలిపోవడం వల్ల.

ఇంతకీ ఆయన అసలు పిచ్చి ఫోన్ బుక్కులు. సర్వే పని మీద మమ్మల్ని వేరే ఊళ్ళకి పంపితే ట్రక్కు తోలడానికి ఆయన సరదా పడి వచ్చేవాడు. ఊళ్ళోకి వెళ్ళగానే మొదటి ఫోన్ బూత్ దగ్గర ఆపేవాడు. మేం ఎండలో కూర్చుని ఉండాల్సిందే. గొలుసుకి వేలాడుతున్న ఫోన్ బుక్కు ఎత్తి, బొటనవేలు తడి చేసుకుని, పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, వేలితో పైనుంచి కిందికి చూసేవాడు. పుస్తకం మూసి, మెల్లగా ట్రక్కెక్కి, "ఇంకా ఈ ఊరికి రాలేదు" అనేవాడు. లేరు అనేవాడు కాదు. వాళ్ళంతా బయల్దేరారనీ, దారిలో ఉన్నారనీ ఆయన నమ్మకం.

ఒకసారి నేను ఆటపట్టించాను. వాళ్ళలో తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ పెట్టుకుంటారు. ఆయన తల్లి ఇంటిపేరు మన రావులు, రెడ్లలాగా ప్రతి ఊళ్ళోనూ నాలుగేసి పేజీలుండేది. "నాలుగు పేజీల చుట్టాలున్నారు కదా, ఇంకేం కావాలి?" అన్నాను.

"వాళ్ళు మా అమ్మ తరఫు" అన్నాడు, వాళ్ళనెందుకు లెక్కలోకి తెచ్చావన్నట్టు. మనవాడే అనిపించింది నాకు.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మేం క్రైస్తవులం, తెనాలి వైపు వాళ్ళం. అప్పట్లో డాలస్ చుట్టుపక్కల ఉన్న పది పదిహేను తెలుగు క్రైస్తవ కుటుంబాలు నెలకొకసారి ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో కూడి ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఒకసారి మా ఇంట్లో జరిగితే ఆయన్నీ పిలిచాను. కులం లేదు, గోత్రం లేదు, అందరం ఒకే తండ్రి బిడ్డలం అని కన్నీళ్ళు కారేలా ప్రార్థన చేసుకున్నాం. ఆమెన్ అయింది, టీ కప్పులు చేతికొచ్చాయి. కొత్తగా వచ్చిన ఒక జంట చుట్టూ చేరి, "మీ ఇంటిపేరేంటండీ? ఆ ఫలానావాళ్ళేనా? అయితే వాళ్ళు మీకేమవుతారు?" అని మొదలుపెట్టాం. బాప్తిస్మం నీళ్ళలో వదిలేశామన్నదంతా టీలో తేలింది.

ఆయనకి తెలుగు రాదు. కానీ అందరూ ఇంటిపేర్లు అడుగుతున్నారని గ్రహించి మురిసిపోయాడు. "మీవాళ్ళు ఎంత మంచివాళ్ళు! రాగానే పేరు అడుగుతున్నారు. ఎందుకడుగుతారు?" అన్నాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇంటిపేరు తెలిస్తే ఎవరు ఎవరిని పెళ్ళి చేసుకోవచ్చో తెలుస్తుంది" అన్నాను. అది సగం నిజం. ఆ సగానికే ఆయన నన్ను పండితుణ్ణి చేసేశాడు. అప్పటినుంచీ పేర్ల విషయంలో ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే.

ఎనభైల మధ్యలో పోస్టులో ఇంకో వల వచ్చింది. మీ ఇంటిపేరు గలవాళ్ళు అమెరికాలో ఎక్కడెక్కడున్నారో మొత్తం అచ్చువేసి పంపుతాం అన్నారు. ఆయన ఆగగలడా? అట్ట మీద బంగారు అక్షరాలతో లావాటి పుస్తకం వచ్చింది. సగం పుస్తకం మనుషులకి ఇంటిపేర్లు ఎందుకొచ్చాయో, వంశవృక్షం ఎలా గీయాలో. పావు వంతు ఖాళీ పేజీలు, మనమే రాసుకోవడానికి. చివరి పేజీలో అసలు జాబితా. అందులో మూడే పేర్లు. ఒకటి ఆయన. రెండోది కూడా ఆయనే, పాత అడ్రసుతో. ఆఫీసులో అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఆయన నవ్వలేదు. వేలు మూడో పేరు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. న్యూ మెక్సికోలో చిన్న ఊరు. ఒకావిడ.

టోపీ తీసి ఫోన్ చేశాడట. ఆవిడ ఒక స్కూల్లో వంట చేసేది. పెళ్ళి కాలేదు, కాబట్టి ఆ పేరు పుట్టుకతో వచ్చిందే. ఈయనకంటే మూడేళ్ళు చిన్న. తన తండ్రి తప్ప ఆ పేరుతో ఇంకో మనిషిని ఆవిడా చూడలేదు. వారానికో ఉత్తరం, ఆదివారం ఆదివారం ఫోను. ఆరు నెలల్లో మా బ్లూప్రింట్ గదిలో అమ్మోనియా వాసనని మించి సెంటు వాసన రావడం మొదలైంది. ఆయన రోజూ గడ్డం గీసుకుని వస్తున్నాడు. ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో ట్రక్కు వెనక కూర్చుని ఇద్దరం లంచ్ తింటున్నాం. నాది పులిహోర, ఆయనది బీన్సు చుట్టిన రొట్టె. తినడం ఆపి, "ఇంజినీరూ, ఒక ఆడా, ఒక మగా. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. వాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చా?" అన్నాడు.

"మీ చర్చిలో అడిగారా?"

"అడిగాను. ఫాదర్ అభ్యంతరం లేదన్నాడు. చట్టానికీ లేదట. కానీ వాళ్ళకి పేర్ల సంగతి ఏం తెలుసు? నీకు తెలుసు. నువ్వు చెప్పు. రేపు ఆవిణ్ణి చూడ్డానికి వెళ్తున్నాను."

ఆ క్షణంలో నేను చెయ్యవలసిన పని ఒక్కటే. "శుభ్రంగా చేసుకోండి, మాకు పప్పన్నం పెట్టండి" అని వీపు తట్టాలి. కానీ అమెరికా వచ్చి అన్నేళ్ళయినా ఒక్క మనిషీ నన్ను పెద్దమనిషిగా సలహా అడిగిన పాపాన పోలేదు. గొంతు సవరించుకున్నాను.

"మా దేశంలో అయితే ఇంటిపేరు ఒకటంటే అన్నాచెల్లెళ్ళే. ఇంక ఆ మాటే ఎత్తకూడదు."

"చాలా పాత చుట్టరికమైనా?"

"ఎంత పాతదైనా. వెయ్యేళ్ళయినా రక్తం రక్తమే."

వెయ్యేళ్ళు అన్న మాట నా నోటికి చాలా రుచిగా అనిపించింది. ఆయన రొట్టె కాగితంలో చుట్టేశాడు. పాపం, ఎలా కాదంటాడు? ఒకే రాతి ఇల్లు, ఒకే గడప అని ఆఫీసంతా చెప్పుకుని తిరిగింది ఆయనే. ఆ గడప దాటి వచ్చిన ఆడపిల్ల ఆయనకి చెల్లెలు కాక ఇంకేమవుతుంది? "నిజమే" అని టోపీ పెట్టుకుని లోపలికెళ్ళిపోయాడు.

సాయంత్రం మా ఆవిడ కారులో పికప్ చేసుకోవడానికి వచ్చింది. జరిగినదంతా గొప్పగా చెప్పాను. ఆవిడ కారు స్టార్ట్ చెయ్యకుండా నా వైపు తిరిగింది.

"మరి మీ చెల్లెలి సంగతి చెప్పారా ఆయనకి?"

ఆ సంగతి ఇప్పటిదాకా మీకూ చెప్పలేదు. అంతకు ముందు ఏడే మా చెల్లెలికి న్యూజెర్సీలో పిస్కాటవే అనే ఊళ్ళో మందుల కంపెనీలో పనిచేసే కుర్రాడి సంబంధం వచ్చింది. గ్రీన్ కార్డున్నవాడు. చూస్తే మా ఇంటిపేరే. మా నాన్నా, పాస్టరుగారూ, ఇద్దరు పెద్దలూ ఒక మధ్యాహ్నం కూర్చున్నారు. భోజనాలయ్యేలోపల వాళ్ళ ఊరు వేరు, మన ఊరు వేరు, కనక ఇళ్ళు కూడా వేరే అని తేలిపోయింది. "వేరే శాఖ నాన్నా, సందేహం లేదు" అని ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి బలపరిచినవాణ్ణి నేనే. గ్రీన్ కార్డు లేని కుర్రాడైతే ఆ శాఖ అంత తొందరగా దొరికేది కాదు.

"అది వేరు. వాళ్ళ ఊరు వేరు కదా" అన్నాను.

"ఈవిడది న్యూ మెక్సికో కదండీ. అది మాత్రం వేరే ఊరు కాదా?"

నేను రేడియో పెట్టాను. ఆవిడ కట్టేసింది. "ముందు ఆయనకి ఫోన్ చెయ్యండి. ఆ ముసలాయన మీ మాట నమ్ముకుని ఏం పాడుచేసుకుంటాడో."

"సోమవారం చెబుతాలే. అంత ముంచుకుపోయిందేముంది?"

సోమవారం ఆయన ఆఫీసుకి పెద్ద కేకు తెచ్చాడు. అందర్నీ పిలిచి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, "నాకు చెల్లెలు దొరికింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కేకు రెండు ముక్కలు తిన్నాను కూడా.

ఏడాది తిరక్కుండా ఆవిడ స్కూలు ఉద్యోగం మానేసి కాపెల్ వచ్చేసింది. ఆ చెక్క ఇంట్లో చెరో గది. ఆదివారం చర్చికి చెయ్యి పట్టుకుని వెళ్ళేవాళ్ళు. కొత్తవాళ్ళు ఎవరైనా "మీ భార్యా?" అంటే ఆయన వెంటనే, "కాదు, చెల్లెలు" అని దిద్దేవాడు. అలా దిద్దినప్పుడల్లా ఆవిడకి ఏదో పని గుర్తొచ్చేది. హ్యాండ్‌బ్యాగులో వెతుక్కునేది, మా ఇంట్లో అయితే వంటింట్లోకి వెళ్ళి కడిగిన కప్పులే మళ్ళీ కడిగేది. మా ఆవిడ నా వైపు చూసేది. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి.

ఆ ఏడు కొత్త ఫోన్ బుక్కు రాగానే ఆయన దాన్ని ఆఫీసుకి మోసుకొచ్చాడు. ఆవిడ పేరు కూడా వేయించాడు. అమ్మ తరఫు నాలుగు పేజీలు దాటించి, నా వేలు పట్టుకుని ఆ చోట పెట్టాడు. ఒకే ఇంటిపేరు, ఒకే అడ్రసు, ఒకే నంబరు, ఒకదాని కింద ఒకటి రెండు పేర్లు. "వచ్చేశారు ఇంజినీరూ, ఈ ఊరికి వచ్చేశారు" అన్నాడు. ఆరోజు చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడానికి ఆయన సంతోషం పాడుచెయ్యడం ఎందుకని ఒక సాకు దొరికింది. పిరికితనానికి అంత మంచి బట్టలు తొడగడం నాకు అప్పటికి బాగా అలవాటైంది.

ఎనభై ఎనిమిది చలికాలంలో ఆయన పోయాడు. గుండెనొప్పి. చెల్లెలు వచ్చి రెండేళ్ళన్నా నిండలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను పిలిచి మేక డాలు నా చేతికిచ్చింది. నాకివ్వమని ఆయన చెప్పాడట. కాఫీ పోసి ఎదురుగా కూర్చుంది.

"ఆయన మొదటిసారి మా ఊరు వస్తున్నాడంటే నీలం గౌను కొనుక్కున్నాను. నా జీవితంలో నీలం ఎప్పుడూ వేసుకోలేదు. కారు దిగాడు, టోపీ తీశాడు, నా చేతులు రెండూ పట్టుకుని చెల్లీ అన్నాడు. ఎవరో పేర్ల సంగతి బాగా తెలిసిన మనిషిని అడిగి వచ్చానన్నాడు."

"నేనే" అన్నాను.

"తెలుసు" అంది. కాసేపు చెంచాతో కాఫీ తిప్పింది. "మీ దేశంలో నిజంగా అంతేనా? ఎవ్వరూ తప్పరా?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ గోడ మీద ఆయన ఫొటో, చేతిలో టోపీ. "మా చెల్లెలు చేసుకుంది. అదే ఇంటిపేరు" అన్నాను.

"మరి?"

"ఊరు వేరని చెప్పుకున్నాం."

తిట్టినా బాగుండేది. ఆవిడ నవ్వింది.

"అయితే మీ చెల్లెలికి పెళ్ళయ్యాక పేరు మార్చుకోవలసిన పని లేకపోయింది."

"లేకపోయింది."

"నేనూ అదే జోకు అనుకున్నాను. పెళ్ళిరోజు అందరి ముందూ చెబుదామని దాచుకున్నాను. నీలం గౌనుతో పాటు."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఓదార్చవలసినవాణ్ణి నేనైతే ఆవిడ నాకు పేపర్ నాప్కిన్ అందించింది.

వెళ్ళేటప్పుడు వాకిట్లో ప్లాస్టిక్ సంచిలో ఆ ఏటి ఫోన్ బుక్కు పడి ఉంది. లోపలికి తెచ్చి ఇచ్చాను. "అద్దాలు లోపలున్నాయి, నువ్వే చూడు" అంది. బొటనవేలు తడి చేసుకుని పేజీలు తిప్పాను. అమ్మ తరఫువాళ్ళని దాటాను. ఒకదాని కింద ఒకటి రెండు పేర్లూ అలాగే ఉన్నాయి.

"ఆయన పేరు తీసెయ్యమని ఫోన్ కంపెనీకి చెప్పలేదా?" అన్నాను.

"చెప్పను" అంది. "అన్నాచెల్లెళ్ళు అని ఫోన్ బుక్కులో రాయరు కదా. తెలియనివాళ్ళు చూస్తే మొగుడూ పెళ్ళాలని అనుకుంటారు."